పెట్టె మీద పేరు

“పేరు చెప్పండి మావయ్యగారూ. ఒక్క పేరు. నేనింకేం అడగట్లేదు.”

సంతోష్ కుమార్ ముందు పెట్టిన కాఫీ చల్లారి మీగడ కట్టింది. బసవమ్మ అప్పటికే దాన్ని ఒకసారి వేడిచేసి తెచ్చింది. అల్లుడు అత్తారింటికి వచ్చి కాఫీ ముట్టుకోలేదంటే ఇక ఆ ఇంటిని వేరే తిట్టాల్సిన పని లేదు.

“ఎవరో ఒకరు పెట్టకుండా ఆ పొట్లం మామిడి పెట్టెలోకి నడిచి రాదుగా?” అన్నాడతను మళ్ళీ. “మూడేళ్ళ పిల్లండీ. తాతగారి పెట్టెలో తెల్లకాగితం పొట్లం కనబడితే పటికబెల్లం అనుకుంది. విప్పుకుని నోట్లో వేసుకుంది.”

ఆపైన ఏమైందో అతను చెప్పనక్కర్లేదు. కాయ మాగబెట్టే కార్బైడు ముక్కకి తడి తగిలితే ఏమవుతుందో మామిడితోటల ఊళ్ళో తెలియనిదెవరికి? అతని కూతురు సంహిత విజయవాడలో ఆసుపత్రి మంచం మీద ఉంది. నాలుకా అంగిలీ కాలిపోయాయి. పాలు కూడా గొట్టంలోంచే. మళ్ళీ మాట వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు.

“మా ఇంట్లో కాయ మాగేది వరిగడ్డిలోనే అల్లుడుగారూ,” అన్నాడు పెద్దాయన లక్ష్మీనరసింహారావు. “మా నాన్నగారి హయాంలో గానీ నా హయాంలో గానీ కార్బైడు ఈ గడప తొక్కలేదు. అది మీకూ తెలుసు.”

“తెలుసు కాబట్టే పెట్టెని పిల్లకి అందేచోట పెట్టాం.”

ఆ మాటకి పెద్దాయన తల వంచుకున్నాడు. వంచిన తలతో చూస్తే చూపు వసారా మెట్ల మీద పడింది. మెట్ల మీద తోట పనివాడు అప్పారావు కూర్చుని ఉన్నాడు. పెద్దాయన చూపు ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ ఇంట్లో అందరికంటే తేలిగ్గా దొరికే మెడ అదే మరి.

“పెట్టెలు సర్దేది వాడే. బండి మీద విస్సన్నపేటలో మీ ఇంటికి తెచ్చిందీ వాడే,” అన్నాడు. “వాడే పెట్టుంటాడు. తెలిసి కాదు, తెలివితక్కువతనంతో.”

అప్పారావు భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. “తెచ్చింది నేనేనండి. కట్టిన పెట్టె ఇచ్చారు, తెచ్చాను. మూత కూడా విప్పలేదండి.”

“మరి కట్టిందెవరు? దయ్యం కట్టిందా?”

అప్పారావు కళ్ళు ఒక్కసారి పెరట్లో షెడ్డు వైపు వెళ్ళి, మళ్ళీ నేల మీదికి వచ్చాయి. అతని భార్య నాగేంద్రమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఏడుపులో కూడా మొగుడి మొహం మీద నుంచి చూపు తియ్యడం లేదు.

ఇదంతా వంటింటి గుమ్మంలో నిలబడి కీర్తిప్రియ చూస్తోంది. ఆ ఇంటి కోడలు. పెద్దాయన కొడుకు రవికిరణ్ భార్య. పెళ్ళయి వచ్చినా ఉద్యోగం మానకుండా, పైన గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని హైదరాబాదు కంపెనీకి కోడింగ్ పని చేస్తూ ఉంటుంది. అందుకని అత్తగారి దృష్టిలో ఆమె ఇంట్లో ఉన్నట్టూ కాదు, ఉద్యోగానికి వెళ్ళినట్టూ కాదు.

ఆ మధ్యాహ్నం మాత్రం ఆమెకి ఉద్యోగం గుర్తులేదు. కుడి అరచేతిని చీరకి అదేపనిగా రుద్దుకుంటోంది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. తొలికోత కాయలు అమ్మకానికి పోవు. మొదటి పెట్టె ఆడపడుచుకి. అక్షయ తృతీయ దాటకుండా అది ఆమె ఇల్లు చేరాలి. మూత మీద వదినగారు పసుపు చేత్తో ముద్ర వెయ్యాలి. ఈ ఏడు పూత మాడి, రెండోసారి పూసి, పండగ నాటికి కాయ ముదరనే లేదు. అయినా పెట్టె వెళ్ళింది. ఎలా వెళ్ళిందని ఒక్కరూ అడగలేదు. రెండు చెట్లు ముందుగా అందొచ్చాయని రవికిరణ్ చెప్పాడు, సరే అన్నారు. పరువు నిలబడుతుంటే కాయ ఎక్కడిదని అడిగేవాళ్ళు ఏ ఇంట్లోనూ ఉండరు.

“బావగారూ, నా మాట వినండి,” అన్నాడు రవికిరణ్. పొద్దుటినుంచీ అతను కూర్చోలేదు, నిలబడిన చోట నిలబడలేదు. “అప్పారావు పొరపాటున పెట్టానని ఒప్పుకుంటాడు. స్టేషన్లో అదే చెప్తాడు. లాయర్ని మనమే పెడదాం. వాడింటిని మనమే చూసుకుందాం. ఏరా అప్పారావూ?”

అప్పారావు తువ్వాలు మడతపెట్టి మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు.

“నోరు విప్పరా! నీ మంచికే చెప్తున్నా.”

“సరేనండి,” అన్నాడు అప్పారావు. “మీరెట్టా అంటే అట్టాగే కానివ్వండి చినబాబుగారూ.”

నాగేంద్రమ్మ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఏడిస్తే పోయే కష్టం కాదని అప్పుడు అర్థమైంది కాబోలు.

కీర్తిప్రియ గుమ్మం దాటి వచ్చింది. “అన్నయ్యగారూ, ఆ పెట్టె ఎక్కడుంది?”

సంతోష్ కుమార్ తలెత్తి చూశాడు. “కారు డిక్కీలో ఉందమ్మా. పోలీసులకి చూపించాలని ఉంచాను.”

“దాని మీద నా స్టిక్కరు ఉందా?”

“కీర్తీ, నువ్వు లోపలికెళ్ళు,” అన్నాడు రవికిరణ్.

“ఉందమ్మా. గళ్ళ గళ్ళ బొమ్మ. అదేగా?”

“అదేనండి. తీసుకురండి.”

“ఏంటి తీసుకొచ్చేది? ఆ సైట్ నేను తీసేశాగా!” రవికిరణ్ గొంతు లేచింది. “ఊళ్ళో ప్రతివాడూ స్కాన్ చేసి మన తోట పేరు బజార్న పెడతాడని నిన్ననే తీసేశాను. ఇప్పుడు స్కాన్ చేస్తే ఏమొస్తుంది, నీ మొహం?”

“పేజీ రాదు,” అంది కీర్తిప్రియ. “అడ్రసు వస్తుంది.”

ఆ గళ్ళ స్టిక్కరు, అదే క్యూఆర్ కోడు, ఆమె సొంత ఆలోచన. హైదరాబాదులో కాయ కొన్నవాళ్ళు ఫోనుతో దాన్ని చూస్తే ఏ తోట కాయ, ఏ రోజు కోసింది, ఎవరు సర్దారు, అన్నీ కనబడాలి. సర్దినవాళ్ళ పేరెందుకని అత్తగారు విసుక్కుంది. కాయ మన పేరున అమ్ముకుంటున్నాం, చెయ్యి వేసినవాళ్ళ పేరు ఉంటే తప్పేంటని ఈమె పట్టుబట్టింది. అప్పారావు తన పేరు మొదటిసారి ఫోనులో చూసుకున్న రోజున నాగేంద్రమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మరీ చూపించాడు.

పెట్టె వచ్చింది. మూత మీద పసుపు అరచెయ్యి ఇంకా చెక్కుచెదరలేదు. అది చూసి బసవమ్మ మొహం తిప్పుకుంది.

కీర్తిప్రియ పైకెళ్ళి ల్యాప్‌టాప్ తెచ్చి వసారా బల్ల మీద పెట్టింది. ఫోను స్టిక్కరు ముందు పెడితే తెర మీద తెల్లగా ఒక్క ముక్క వచ్చింది. పేజీ దొరకలేదు.

“చెప్పానా?” అన్నాడు రవికిరణ్. అతను ఊపిరి వదలడం ఆమెకి వినబడింది. మొగుడి ఊపిరి ఎప్పుడు ఎందుకు బరువెక్కుతుందో పెళ్ళానికి తెలియకుండా ఉండదు. ఆమె మొదటిసారి అతని వైపు తిరిగి చూసింది.

“ఏం చేస్తున్నావమ్మా?” అని అడిగాడు పెద్దాయన.

“కవరు మీద అడ్రసు లాంటిదండి ఇది మావయ్యగారూ. ఇల్లు పడగొట్టేసినా కవరు మీద రాసింది పోదుగా. ఆయన తీసేసింది ఇల్లు. కవరు అన్నయ్యగారి దగ్గరే ఉంది.”

ఫోను తెర పైభాగంలో ఉన్న ఆ పొడుగాటి అడ్రసుని ఆమె ల్యాప్‌టాప్‌లోకి పంపింది. సైటు పేరు, దాని వెనక ఒక ప్రశ్నార్థకం. ఆ ప్రశ్నార్థకం తర్వాత ఉన్నదే అసలు సరుకు. మూడు మూటలు. మొదటి మూట తోట, రెండోది రోజు, మూడోది సర్దినవాళ్ళ పేరు. తెలుగు అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు పెడితే అడ్రసు చేంతాడంత అవుతుంది, గళ్ళు కిక్కిరిసిపోయి ఫోనుకి అందవు. అందుకని ప్రతి అక్షరాన్నీ నాలుగేసి ఇంగ్లీషు గుర్తుల్లోకి కుదించి పెట్టింది అప్పట్లో. చూసేవాళ్ళకి అది పిచ్చిగీత. విప్పడం తెలిసినవాళ్ళకి అయిదారు వరుసల పని.

ఆమె ఆ వరుసలు టైపు చేసింది. ప్రశ్నార్థకం దగ్గర అడ్రసుని విడగొట్టు. మూడు మూటలూ వేరు చెయ్యి. ఒక్కొక్కటీ విప్పి తెలుగులోకి మార్చు. చేతులు అలవాటుగా నడుస్తున్నాయి. అప్పారావు సర్దకపోతే అందులో అతని పేరుండదు. అతన్ని ఈ పూట స్టేషన్ మెట్లు ఎక్కనివ్వకూడదు, అదొక్కటే ఆమె మనసులో ఉంది.

మూడో మూటని అతికిస్తుండగా కన్ను దాని మొదటి గుర్తుల మీద పడింది.

వందల స్టిక్కర్లు కొట్టిన మనిషి ఆమె. అప్పారావు పేరుకి మొదటి అక్షరం ఎలా ఉంటుందో విప్పకుండానే ఆమెకి తెలుసు. 4LCF అని ఉంటుంది. ఇక్కడ 4LCV అని ఉంది. అది ‘అ’ కాదు. అది ‘క’.

ఆమె వేలు మీట మీద ఆగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ కోడు రాసింది తనే. పేరు గడి ఖాళీగా వదిలేస్తే, ఎవరి పాస్‌వర్డుతో లోపలికి వచ్చారో వాళ్ళ పేరు అదే వేసుకుంటుంది. తోట గడి ఖాళీగా వదిలేస్తే ఫోను ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరు వేసుకుంటుంది. పనివాళ్ళకి టైపు చేసే బాధ తప్పించాలని మురిసిపోతూ పెట్టిన సదుపాయం.

పండగ ముందురోజు ఆమెకి తలనొప్పి. కళ్ళు తెరవలేని తలనొప్పి. తలుపులు మూసుకుని పడుకుంటే రవికిరణ్ వచ్చి మంచం మీద కూర్చున్నాడు. “నువ్వు లేవకు. స్టిక్కరు నేను కొడతాలే, నీ పాస్‌వర్డు చెప్పు,” అన్నాడు. ఎంత బాగా చూసుకుంటాడని అనుకుంది. చెప్పింది. మర్నాడు పొద్దున, అప్పటికే కట్టి ఉన్న పెట్టె మూత మీద పసుపు చెయ్యి వేసింది.

వసారాలో అందరూ ఆమెనే చూస్తున్నారు. తెర మాత్రం ఆమె వైపే ఉంది. ఒక్క మీట నొక్కి అంతా చెరిపేసి, లాభం లేదండీ, రావట్లేదు అంటే చాలు. నమ్ముతారు. ఆడది, పైగా కంప్యూటరు. రాలేదంటే రాలేదనే అనుకుంటారు. అప్పారావు సరేనన్నాడు కూడా. కీర్తిప్రియ అడకత్తెరలో పోకచెక్కలా చిక్కుకుంది.

మెట్ల వైపు చూసింది. అప్పారావు చెప్పులు వేసుకుంటున్నాడు, స్టేషనుకి వెళ్ళడానికి. ఎడమ చెప్పు వారు తెగిపోయి ఉంటే వంగి పిన్నీసు పెట్టుకుంటున్నాడు.

ఆమె మీట నొక్కింది. తెరని సంతోష్ కుమార్ వైపు తిప్పింది.

అతను ముందుకి వంగి, పిల్లలు చదివినట్టు పైకే చదివాడు. “తోట, ఆగిరిపల్లి. ఆగిరిపల్లి ఏంటి? మీ తోట ముసునూరు కదా?” వేలు కింది వరుసకి జరిపాడు. “పండగ ముందురోజు తేదీ. సర్దినవారు...”

ఆగాడు. మళ్ళీ చూశాడు. మెల్లగా తలెత్తాడు.

“కీర్తి.”

నాగేంద్రమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు జార్చేసింది.

“అది నేను కొట్టిన స్టిక్కరు కాదండి అన్నయ్యగారూ,” అంది కీర్తిప్రియ. “నా పాస్‌వర్డుతో కొట్టారు. ఆగిరిపల్లిలో నిలబడి కొట్టారు. ఆ రోజు నేను గది దాటలేదు.”

“మరెవరు?”

ఆమె మొగుడి వైపు చూసింది. చెప్పమని అడగలేదు. చూసింది, అంతే. తాళి కట్టినవాడికి ఆ చూపు చాలాలి.

ఇందాక సైట్ తనే తీసేశానన్న రవికిరణ్ గోడ వైపు చూస్తూ అన్నాడు: “నాకా కంప్యూటరు సంగతులేం తెలియవు బావగారూ. అదంతా తన పనే.”

ఎవరైనా చెంప మీద కొట్టినా కీర్తిప్రియకి అంత నొప్పి కలిగేది కాదు. ఒక్క క్షణం తనేం విన్నదో తనకే అర్థం కాలేదు. అర్థమయ్యాక అత్తగారి వైపు తిరిగింది.

“అత్తయ్యా,” అంది. “ఆ రోజు మీరే కదండీ నాకు శొంఠి పట్టు వేసింది? మధ్యాహ్నం చారన్నం కలిపి పైకి తెచ్చింది మీరే కదా? నేను ఎక్కడికైనా వెళ్ళానా?”

బసవమ్మ కోడలి మొహం చూసింది. తర్వాత కొడుకు మొహం చూసింది. ముసలి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. పాపం, ఆవిడ చెడ్డ మనిషి కాదు. కానీ కన్నపేగు ముందు మంచితనం ఎంతసేపు నిలుస్తుంది?

“ఏమోనే,” అంది. “పండగ పనుల్లో ఉన్నాను. నాకేం గుర్తుంటుంది? నువ్వు కిందికి దిగావో లేదో నేనెక్కడ చూశాను?”

“కూడా ఉండి తినిపించారు అత్తయ్యా.”

“గుర్తులేదన్నానా!” అని బసవమ్మ గట్టిగా అరిచి, ఆ వెంటనే కొంగుతో మొహం కప్పుకుంది.

లక్ష్మీనరసింహారావు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, లేవలేక కూర్చుండిపోయాడు. ఆయనకి అర్థమైపోయింది. ఆగిరిపల్లి మాట విన్నప్పుడే అర్థమైంది. అక్కడ కార్బైడుతో మాగేసిన కాయ అమ్మే కొట్లు ఎన్ని ఉన్నాయో, ఏ కొట్టువాడితో తన కొడుక్కి స్నేహమో ఆయనకి తెలుసు. కొడుకుని చూశాడు, కోడల్ని చూశాడు. కడుపున పుట్టినవాడొకడు, బయటినుంచి వచ్చినదొకతె. త్రాసు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? ఆయన కళ్ళు మూసుకున్నాడు.

“చూసినవాళ్ళు ఎవరూ లేరా?” అన్నాడు సంతోష్ కుమార్. “ఆ పెట్టె షెడ్డులోకి తెచ్చి కట్టినప్పుడు ఒక్కరైనా చూడలేదా?”

అప్పారావు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పిన్నీసు వేళ్ళ మధ్యే ఉంది.

“బాబాయ్,” అంది కీర్తిప్రియ. అతన్ని ఆ వరసతో పిలవడం ఆ ఇంట్లో ఎవరికీ గిట్టేది కాదు. “నువ్వు పెరట్లోనే ఉన్నావుగా బాబాయ్.”

అప్పారావు నిటారుగా నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. “అమ్మగారూ, ఆ రోజు పొద్దుగూకే వేళ బండి...”

నాగేంద్రమ్మ ఒక్క అంగలో వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది. “నువ్వు ఊరుకో.”

“అది కాదే...”

“ఊరుకోమన్నానా! ఇప్పుడే మన పేరు పక్కకి తొలిగింది. పెద్దోళ్ళ ఇంట్లో మాట. వాళ్ళల్లో వాళ్ళు తేల్చుకుంటారు.” కీర్తిప్రియ వైపు తిరిగి చేతులు రెండూ జోడించింది. “నీ కాళ్ళకి దండం పెడతానమ్మా. నువ్వు దేవతవి. నా మొగుణ్ణి బయటేశావు. మళ్ళీ లాగమాకు తల్లీ.”

అప్పారావు జోడించిన పెళ్ళాం చేతుల వైపు చూశాడు. “నేను చూళ్ళేదమ్మగారూ,” అన్నాడు. ఆ మాట అంటూ అతను ఏడ్చాడు. ఏం లాభం? ఏడుపుకి సాక్ష్యం విలువ ఉండదు.

కీర్తిప్రియకి అతని మీద కోపం రాలేదు. తను అతని కోసం తెర తిప్పింది. అతను తన కోసం నోరు విప్పలేడు. తెర తిప్పినందుకు తనకి పోయేది ఒక పేరు. నోరు విప్పితే అతనికి పోయేది కూడూ గూడూ. ఆ లెక్క ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన గుండె ఊరుకుంటుందా?

సంతోష్ కుమార్ జేబులో ఫోను మోగింది. చూసి, స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచాడు.

“ఏం చెప్పారండీ?” అని ఆసుపత్రి నుంచి అతని భార్య హరిచందన గొంతు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. “పేరు చెప్పారా?”

సంతోష్ కుమార్ పెట్టె మీది గళ్ళ బొమ్మ వైపు చూశాడు. “స్టిక్కరు మీద మీ వదిన పేరుంది.”

అవతల ఏదో యంత్రం ఉండుండి కూస్తోంది.

“వదిన ఉందా అక్కడ?”

“ఉన్నాను చందనా,” అంది కీర్తిప్రియ.

“వదినా. పెట్టె మీద పసుపు చెయ్యి నీదే కదా?”

“నాదే.”

“సంహిత ఆ చేతి మీద తన చెయ్యి పెట్టి కొలుచుకుంది వదినా. ‘అత్త చెయ్యి’ అంది. ముద్దు పెట్టుకుంది దానికి. ఆ తర్వాతే మూత తీశాం.” గొంతు తెగింది, మళ్ళీ అతుక్కుంది. “అదే వదినా అది అన్న ఆఖరి మాట. మళ్ళీ మాట్లాడలేదు.”

కీర్తిప్రియ పెట్టె వైపు తిరిగింది. బల్ల మీద పసుపు అరచెయ్యి అలాగే ఉంది, అయిదు వేళ్ళూ స్పష్టంగా. దాని మధ్యలో సన్నగా, పసుపు కొంచెం చెరిగిన చోటు ఒకటి. ఇందాకటి నుంచీ అది ఆమెకి కనబడలేదు. ఇప్పుడు అది తప్ప మరేదీ కనబడటం లేదు.

“నిన్ను నేను నమ్ముతాను. నువ్వు ఏం చెప్తే అదే నమ్ముతాను,” అంది హరిచందన. “పొట్లం పెట్టింది నువ్వేనా? కాకపోతే ఎవరు? అన్నయ్యని అడుగుదామంటే నిన్నటినుంచీ నా ఫోన్ ఎత్తట్లేదు వదినా. ఎందుకు ఎత్తట్లేదు?”

వసారాలో ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. బసవమ్మ కొంగు చాటున తల అడ్డంగా ఊపుతోంది, చెప్పొద్దు చెప్పొద్దన్నట్టు.

కీర్తిప్రియ ఫోను చేతిలోకి తీసుకుంది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి రవికిరణ్ ముందు నిలబడింది.

“చందనా, మీ అన్నయ్య ఇక్కడే ఉన్నారు,” అంది. “ఆయనకి ఇస్తున్నాను.”

చాచిన చెయ్యి గాల్లోనే ఉంది. రవికిరణ్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

“అన్నయ్యా?” అంది ఫోను. “అన్నయ్యా, వింటున్నావా?”